ఉత్తుత్తి గూడు

కోర్నీల్ అని పేరు పెట్టాను. మగపేరే.
గెంట్ ఆదివారం సంతలో అమ్మినవాడు తోక ఎత్తి చూసి
"మగదే, సందేహం లేదు" అన్నాడు.
నా కుందేటికి మూడే కాళ్లన్నట్టు
పదకొండు నెలలు
వాడూ వాడూ అంటూ తిరిగాను.

మొన్న నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి
సోఫా వెనక ఎండుగడ్డి పోగు.
నోట్లో అడ్డంగా గడ్డి కరచుకుని, తాతల మీసాల్లా,
అటూ ఇటూ ఒకటే పరుగు.
గడ్డి మీద తెల్లగా, మెత్తగా ఏదో.
వంగి చూస్తే దాని రొమ్ము మీది బొచ్చే.
పీక్కుంది. లోపలి చర్మం కనిపించేదాకా పీక్కుంది.
మగతోడు మొహం ఎరగదు, కడుపులో ఏమీ లేదు,
గూడు మాత్రం సిద్ధం.
చెయ్యి పెట్టబోతే గుర్రుమంది.
ఆ పూట నుంచి వాడు అది అయింది.

డాక్టర్ అనెలోర్ దాన్ని తువ్వాల్లో చుట్టి
పొట్ట తడిమి, "గర్భసంచి తీయించండి" అంది.
ఉంచితే నాలుగైదేళ్లకి అందులో గడ్డ పుట్టొచ్చట.
తీస్తే, మత్తులోంచి లేవని కుందేళ్లూ ఉంటాయట,
తక్కువే, కానీ ఉంటాయట.
ఎంత తక్కువ, అన్నాను.
ఆవిడ ఒక అంకె చెప్పింది.
సైకిల్ బుట్టలో కోర్నీల్, జేబులో అంకె,
రాళ్లు పరిచిన వీధిలో
రెండూ గతుకు గతుకుకీ ఎగిరిపడ్డాయి.

గోడవతలి ఓడీల్‌కి ఎనభై రెండు.
"ఆపరేషనా? ఎంతట?"
చెప్పాను.
వేళ్లు ముడిచి లెక్కేశాడు.
"పదిహేను కుందేళ్లొస్తాయి. ఆలూబుఖారాలూ, నల్లబీరూ కూడా కలిపి."
చిన్నప్పుడు వాళ్లమ్మ పెరట్లో చెక్కపెట్టెలుండేవి,
పెట్టెకో ఆదివారం.
"మా వాటికి ఈ జబ్బులెక్కడివి" అన్నాడు.
కాసేపాగి, తనకే చెప్పుకుంటున్నట్టు,
"నాలుగేళ్లు ఏదీ బతకలేదులే."
సాయంత్రానికి గోడ మీద
క్యారెట్ ఆకుల కట్ట ఒకటి.

నా ఉద్యోగం కాలవ లాకుల దగ్గర.
పడవ వస్తుంది, తలుపు మూస్తాను,
నీళ్లు వదులుతాను, పడవ దిగుతుంది.
పైకా కిందకా అన్నది పడవవాడే చెప్తాడు, రేడియోలో.
ఇరవై ఆరేళ్లలో
నోరు లేని పడవ ఒక్కటీ రాలేదు.

రాత్రి నేల మీద బోర్లా పడుకుని అడిగాను.
చెప్పవే, ఏం చెయ్యమంటావు?
వెనకకాలితో ఠప్పున ఒక్క దెబ్బ.
అది ఔననా, కాదనా,
వీధిలో కుక్క మొరిగిందనా?
తర్వాత వచ్చి నా మోచెయ్యి నాకింది.
అంగీకారం కింద రాసేసుకుందామనుకున్నాను.
సిగ్గేసింది.
ఉప్పు కోసం నాకింది, అంతే.

పిల్లలు వద్దని నేనూ అనుకున్నాను, ముప్పై ఒకటో ఏట.
నన్నెవరూ తువ్వాల్లో చుట్టలేదు.
వంద ప్రశ్నలడిగారు, రెండు సంతకాలు పెట్టించారు,
ఆర్నెల్లు ఆలోచించుకుని రమ్మన్నారు.
ఆలోచించుకున్నాను. ఆ ఆర్నెల్లూ
విసుక్కున్నాను కూడా.

మంగళవారం ఎనిమిదింటికి తీసుకురమ్మన్నారు.
పస్తు ఉంచొద్దన్నారు.
కుందేలుకి వాంతి రాదట,
మింగిందేదైనా మింగినట్టేనట.
ఇంటి తిండి వెంట తెమ్మన్నారు,
కళ్లు తెరవగానే తెలిసిన వాసన తగలాలని.
ఓడీల్ ఆకులు తడిగుడ్డలో చుట్టి పెట్టాను.

కాగితం బల్ల మీదుంది.
పేరు: కోర్నీల్.
ఆడ, అని గుర్తు పెట్టాను.
యజమాని సంతకం అన్నచోట గీత ఖాళీగానే ఉంది.

నాలుగో రోజుకే గూడు సంగతి మర్చిపోయింది అది.
సోఫా వెనక్కి పోవడమే మానేసింది.
నేనే ఊడ్వలేకపోయాను.
చీపురు రెండుసార్లు పట్టుకుని
రెండుసార్లూ గోడకి ఆనించాను.
ఇవాళ ఆ గడ్డీ బొచ్చూ పోగుచేసి
బుట్ట అడుగున పరిచాను.
అరచేతికి బరువే తెలియలేదు.

అది గెంతుతూ వచ్చింది,
బుట్టలోకి తలపెట్టి చాలాసేపు వాసన చూసింది.
ఒక గడ్డిపోచ తీసి
ఇంకో మూల పెట్టింది.